సగం నత్తగుల్ల

ఆ వేసవిలో నేను ఎనిమిది రోజులపాటు ఒక మట్టిపెంకును దాచిపెట్టాను. దొంగతనం కాదు, మ్యూజియం గడప దాటించలేదు. ఉండాల్సిన సొరుగులోంచి తీసి, ఉండకూడని సొరుగులో దూది కింద పెట్టాను, అంతే. నా బొటనవేలి కంటే కాస్త పెద్దది, అంతకంటే ఏం లేదు. అంత చిన్న పెంకు మా ఇంటిని ఎలా కుదిపిందో చెప్పాలంటే రెఫియా అత్తతో మొదలుపెట్టాలి.

రెఫియా అత్త మా నాన్నకు అక్క. మట్టిపలకల మీద రాసిన ప్రాచీన సుమేరు భాష నేర్చుకున్న మా తొలి తరంవాళ్ళలో ఒకావిడ. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళ వయసులో ఆ మ్యూజియం మేడమీది గదిలో అడుగుపెట్టినప్పుడు సుమేరు నగరమైన నిప్పుర్ తవ్వకాల్లో దొరికిన మట్టిపలకలు ఇంకా పెట్టెల్లోనే, గడ్డిలో మగ్గుతున్నాయట. వేలకొద్దీ ముక్కలు. ఒక్కొక్కటీ తీసి, బ్రష్షుతో దులిపి, నంబరు వేసి, దూది పరిచిన సొరుగుల్లో పడుకోబెట్టింది. ఆ పనికే పదేళ్ళు పట్టింది. వాటిని చదవడానికి మిగతా జీవితం పట్టింది.

నేను చెబుతున్నది 1954 వేసవి. యూనివర్సిటీలో అత్త దగ్గరే చదువు ముగించి, జలసంధికి ఇవతలి ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌లోని నానమ్మగారి చెక్కయింట్లో అత్తతోనే ఉంటున్నాను. పొద్దున్నే ఇద్దరం పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. ఇంట్లో "అత్తా, నువ్వు" అనేదాన్ని. మ్యూజియం మెట్లెక్కాక "హోజాగారూ, మీరు" అనాలి. హోజా అంటే మా భాషలో గురువు, ఆ పిలుపు ఆవిడ పెట్టిన నియమం. ఒకసారి మెట్ల మీద నోరు జారి "అత్తా" అంటే, వెనక్కి కూడా తిరగకుండా "మీ అత్త ఇంటి దగ్గర ఉంది" అంది.

అప్పటికి రెండేళ్ళుగా ఆమె చూపు పాడవుతోంది. కంటి నడుమ మచ్చ పడింది. ఎటు చూస్తే అది కనిపించదు, దాని పక్కనున్నది కనిపిస్తుంది. "ఇన్నాళ్ళకు నాకు పొరుగువాళ్ళ సంగతులు బాగా తెలుస్తున్నాయి" అని నవ్వేది. చలికాలం తర్వాత ఆ పక్కచూపు కూడా ఉంటుందని చెప్పలేనన్నాడు డాక్టరు. పుస్తకం సెప్టెంబరు చివరికి ప్రెస్సుకు వెళ్ళాలి. ఇరవై మూడేళ్ళ పని అది. అచ్చయిన పుస్తకాన్ని పక్కచూపుతోనైనా చూసుకోవాలన్నది ఆవిడ ఒక్కగానొక్క కోరిక. తన టేబులు సొరుగులో ఒక రేకు డబ్బా ఉండేది. కాఫీ దొరకని రోజుల్లో ఎవరో శిష్యురాలు తెచ్చిచ్చిన పావుకిలో కాఫీపొడి. పుస్తకం ప్రెస్సుకు వెళ్ళిన రోజున తాగాలని దాచింది.

ఆవిడ కళ్ళ పని నేను చేసేదాన్ని. దీపాన్ని ఎడమ పక్క పైన పెట్టి, నీడ పడేలా పలకను వంచి, మేకుల్లా గుచ్చిన ఆ గుర్తుల్ని ఒక్కొక్కటిగా కాగితం మీద గీయాలి. వెనకవైపు చూడాలంటే పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పకూడదు. పెనం మీది రొట్టెను తిరగేసినట్టు కిందనుంచి పైకి తిప్పాలి. వాటిని రాసినవాళ్ళ వేళ్ళకు నాలుగు వేల ఏళ్ళ కిందట అలాగే అలవాటు.

జూన్‌లో నేను గీసింది పుస్తకానికే గుండెకాయ లాంటి పలక. దాన్ని అందరూ 'గుమ్మంలో తల్లి' అనేవాళ్ళు. రెండు ముక్కలు. పైముక్కలో ఒక తల్లి పొద్దుగూకే వేళ గుమ్మంలో నిలబడి దారి చూస్తుంది. అందరి కొడుకులూ వచ్చారు, తన కొడుకు రాలేదు. కింది ముక్కలో నగరం ప్రాకారం కూలింది, తలుపులు కాలిపోయాయి, పొయ్యిల్లో నక్కలు పడుకున్నాయి. పద్నాలుగేళ్ళ కిందట ఈ రెంటినీ అతికించింది అత్తే. మధ్య ఖాళీని ప్లాస్టరుతో నింపింది. కాలిపోయిన ఊళ్ళో కొడుకు కోసం ఎదురుచూసే తల్లి! యుద్ధం రోజులవి, చదివినవాళ్ళంతా కంటతడి పెట్టారు. రేడియోలో వినిపించారు. బడిపుస్తకంలో వేశారు. అత్తకు పేరు తెచ్చింది అదే.

పేరు రాగానే మాటలూ వచ్చాయి. రైట్‌మాన్ అనే జర్మను ప్రొఫెసరు ఒక పత్రికలో రాశాడు: 'ఆ రెండు ముక్కల్నీ అతికించింది ప్లాస్టరు కాదు, ఒక ఆడమనిషి కన్నీళ్ళు.' అత్తకు ఆ వాక్యం నోటికి వచ్చు. కూరలో ఉప్పు ఎక్కువైనా, పడవ తప్పిపోయినా, ముందు రైట్‌మాన్‌ను తిట్టుకునేది.

ఆ పైముక్క విరిగిన అంచున, ప్లాస్టరుకు కాస్త పైన, తెల్లగా ఏదో మెరిసింది. భూతద్దం పెట్టి చూశాను. కందిగింజంత నత్తగుల్ల, సగం. పలక చేసినవాడు కాలవగట్టు మట్టిని సరిగా జల్లించలేదన్నమాట.

"హోజాగారూ, ఇక్కడ సగం నత్తగుల్ల ఉంది. గియ్యనా?"

"ఏముందంటే అది గియ్యి. నత్తని ఎవరూ అడగరు. అయినా గియ్యి."

"పెంకులు అతికేటప్పుడు ముందేం చూడాలో చెప్పు" అని ఆవిడే అడిగింది, పరీక్ష పెడుతున్నట్టు.

"మట్టి కలవాలి. మాట కలవడం తర్వాత."

"కళ్ళు మూసుకుని చూడాలి. వేలికి తెలిసేది కంటికి తెలియదు. మాట కలిసిందని సంబరపడ్డావో, చచ్చామే!"

ఇవాళ తలుచుకుంటే ఆశ్చర్యం. ఆ మాట చెప్పిన మనిషే ఆ పలక దగ్గర మాత్రం మాట కలిసిందని సంబరపడింది. ముక్కలు రెండూ ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు. మధ్యలో ప్లాస్టరే ఉంది. మా పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేయగల తప్పు అది. చదవడం రాని మనిషి అయితే ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టేవాడే కాదు.

జూలై తొమ్మిది, శుక్రవారం. అత్త డైరెక్టరుగారి గదిలో ఉంది. నేను వేరే ఏదో వెతుకుతూ నలభై ఏడో సొరుగు లాగాను. పనికిరాని చిన్న ముక్కలన్నీ పోసే సొరుగు అది. దూది మీద ఒక పెంకు అంచున తెల్లటి చుక్క. కందిగింజంత. సగం.

పెద్ద పలక తెచ్చి దీపం కింద పెట్టాను. ప్లాస్టరు అడ్డం వల్ల పూర్తిగా కూర్చోలేదు గానీ, పై మూల మాత్రం కరుచుకుంది. రెండు సగాలూ కలిసి ఒక నత్తగుల్ల అయింది. కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. అతుకు తెలియలేదు.

ఆ పెంకు మీద విరిగీ విరగని ఏడు వరసలున్నాయి. చదవడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ తల్లి ఏడవడం లేదు. ఊరు కాలిపోలేదు. కొడుకు వచ్చాడు. ఆలస్యంగా వచ్చాడు. ఆవిడ వాణ్ణి గుమ్మంలోనే పట్టుకుని వాయిస్తోంది.

నా బుర్ర గబగబా పనిచేసింది. ఇది చెబితే అతుకు విప్పాలి. విప్పితే పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం ఎగిరిపోతుంది. మళ్ళీ రాసేసరికి చలికాలం దాటిపోతుంది. అప్పటికి ఆవిడ చూపు? పైగా రైట్‌మాన్ గెలుస్తాడు. చెప్పకపోతే? ఈ సొరుగు ఎవరు చూస్తారు? ఆవిడకు కనిపించదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మెట్ల మీద అత్త చేతికర్ర చప్పుడు వినిపించింది. నలభై ఏడులో పెడితే ఎప్పుడైనా ఆ సొరుగు తెప్పించుకుని వేలితో తడుముతుంది కదా అని, పన్నెండో సొరుగు లాగి, దూది ఎత్తి, కింద పెట్టేశాను.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు, హోజాగారూ. దీపం తుడుస్తున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో, మేడమీద కిటికీ అరుగు దగ్గర, ఎప్పట్లా పుస్తకం రాతప్రతి చదివి వినిపించాను. నానమ్మ ఒళ్ళో గిన్నె పెట్టుకుని బీన్స్ తుంచుతూ వినేది. ఆవిడకు చదువు రాదు, 'గుమ్మంలో తల్లి' మాత్రం కంఠతా వచ్చు. ఆ చోటు రాగానే బీన్స్ ఆపి కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

"ఏ తల్లి కన్నబిడ్డో" అంది ఆ రోజు కూడా. "ఆ నక్కల్ని తలుచుకుంటే నాకు ముద్ద దిగదే."

"నాలుగు వేల ఏళ్ళయిందమ్మా" అంది అత్త.

"అయితే? వాడి తల్లికి కాలేదుగా."

నేను పేజీ తిప్పబోయాను.

"ఇంకోసారి చదువు, ఆ పేజీ" అంది అత్త.

మర్నాడు సాయంత్రం కూడా అదే పేజీ చదవమంది. ఆ మర్నాడూ అంతే. ముందు మురిపెం అనుకున్నాను. ఆదివారం పుల్ల చెర్రీలు ఉడకబెట్టి జామ్ చేశాం. గింజలు తీసితీసి నా వేళ్ళు ఎర్రబడిపోయాయి. ఆ వేళ్ళు కడుక్కోనివ్వకుండానే "ఆ తల్లి పేజీ ఒక్కసారి" అంది. నాకు ఏడుపొచ్చింది. కావాలనే నన్ను కాల్చుకు తింటోందా అనిపించింది. తెలియక అడుగుతున్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత సిగ్గుచేటో, అంత సిగ్గూ పడ్డాను.

రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదని అబద్ధం చెప్పను. శుభ్రంగా పట్టేది. పొద్దున్న పడవలో మాత్రం ఆవిడ చేతికి టీ గ్లాసు అందించి, మొహం నీళ్ళ వైపు తిప్పుకునేదాన్ని. చెబుదామని ఒడ్డు చేరేలోపు మూడుసార్లు నోరు తెరిచేదాన్ని. మెట్లు రాగానే ఆవిడ హోజాగారైపోయేది.

పదిహేడో తేదీ, శనివారం. మా గది కాపలాదారు షాకిర్‌ను అందరం ఎఫెండి, అంటే 'గారు', అనేవాళ్ళం. ఆయనకు శనివారమంటే సొరుగుల లెక్క. చెవిలో పెన్సిలు, చంకలో నోటు పుస్తకం. వారానికి పది సొరుగులు చొప్పున ముక్కలన్నీ లెక్కపెట్టి టిక్కు పెట్టేవాడు. చదువు లేకపోయినా అంకెలొచ్చు. ఇరవై ఏళ్ళుగా ఒక్క పెంకు కూడా తప్పిపోనివ్వలేదు. కోడిపిల్లల్ని గంప కింద పెట్టే ఇల్లాలికి కూడా అంత పట్టింపు ఉండదు. నా ఖర్మకు ఆ వారం పదకొండు నుంచి మొదలుపెట్టాడు.

పన్నెండో సొరుగు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. దూది ఎత్తాడు.

"హోజాగారూ! ఈ సొరుగులో పిల్ల పుట్టింది."

"ఏమిటి, షాకిర్ ఎఫెండీ?"

"ముప్పై ఉండాలి. ముప్పై ఒకటి ఉన్నాయి. తక్కువైతే నా ఉద్యోగం పోతుందని తెలుసు. ఎక్కువైతే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు." నంబరు చూశాడు. "ఇది నలభై ఏడోదాన్లోది. నడుచుకుంటూ వచ్చిందా ఏమిటి?"

నేను మళ్ళీ దీపం తుడవడం మొదలుపెట్టాను.

"ఇలా ఇవ్వండి" అంది అత్త.

అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అంచంతా తడిమింది, చుట్టూ, నెమ్మదిగా. ఒకచోట వేలు నిలిచిపోయింది.

"సుహేలా, ఇక్కడ నున్నగా, గట్టిగా ఏదో ఉంది."

"నత్తగుల్ల" అన్నాను. "సగం."

ఆవిడ ఇంకేం అడగలేదు. పెద్ద పలక తెమ్మంది. ఎడమచేత్తో ప్లాస్టరు పైన వెతుక్కుంది. ఆ రెండో సగం దొరికింది. కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళకు మూసినా తెరిచినా ఒకటే, అయినా మూసుకుంది. పెంకును దగ్గరికి తెచ్చి ఆనించింది. మట్టిని మట్టి పట్టుకున్నప్పుడు చాలా చిన్న చప్పుడవుతుంది. ముగ్గురం విన్నాం.

తర్వాత టేబులు సొరుగు లాగి రేకు డబ్బా తీసింది.

"షాకిర్ ఎఫెండీ, ఇది కాచుకు రండి. మూడు కప్పులు."

"ఇది పుస్తకం రోజుకు కదండీ?"

"మీకెందుకు? కాచండి."

ఆయన వెళ్ళాక నా వైపు, అంటే నా పక్కనున్న గోడ వైపు తిరిగింది. అలా తిరిగితేనే ఆవిడకు నేను కనిపిస్తాను.

"చదువు. ఏమంటోంది ఆవిడ?"

చదివాను. "ఎక్కడ తిరిగావు? అందరి పిల్లలూ వచ్చారు. గంజి చల్లారింది. నీ చేపను కుక్క తిన్నది. నీ బడి పలక ఎండిపోయింది, దాని మీద ఒక్క గుర్తయినా లేదు. మీ నాన్న రానీ..." అక్కడ విరిగిపోయింది.

అత్త భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని లేచాను. ఆవిడ నవ్వుతోంది. చేత్తో నోరు మూసుకుని, కళ్ళనుంచి నీళ్ళు కారేలా.

"పద్నాలుగేళ్ళు! పద్నాలుగేళ్ళు ఆ మహాతల్లిని పట్టుకుని దేశమంతటిచేతా ఏడిపించాను. ఆవిడేమో గరిటె పట్టుకుని నిలబడింది!"

"అత్తా..." అన్నాను.

షాకిర్ ఎఫెండి కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి, ఆ పిలుపు విన్నట్టు దగ్గాడు. అత్త మాత్రం ఆ రోజు దిద్దలేదు.

"దీన్ని ఎవరు మార్చి పెట్టారో కనుక్కోవాలి" అన్నాడాయన కప్పులు పెడుతూ.

చెప్పాల్సిన క్షణం అదే. నేను కప్పు అందుకున్నాను.

"మట్టికి కాళ్ళొస్తాయి, షాకిర్ ఎఫెండీ" అంది అత్త. "నాలుగు వేల ఏళ్ళలో ఒక్కసారైనా నడవకపోతే ఎలా? కాఫీ బాగుంది."

సోమవారం ఆవిడే ప్లాస్టరు తడిపి గీకింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. "నేను పెట్టింది నేనే తీస్తాను" అంది. చూపు సరిగా లేని మనిషి ఆ సన్నటి కత్తితో మట్టి మీద గీత పడకుండా రెండు రోజుల్లో మొత్తం తీసేసింది. కింది ముక్క విడిగా వచ్చేసింది. దాన్ని అరచేతిలో కాసేపు నిమిరి, "పాపం, నీకు వేరే ఇల్లుంది. వెతుకుతాం" అంది.

ఇంట్లో చెప్పడమే అన్నిటికంటే కష్టమనుకున్నాను. నానమ్మకు 'గుమ్మంలో తల్లి' పోతే ఏమవుతుందోనని భయం. కొత్తది చదివి వినిపించాను. నానమ్మ బీన్స్ తుంచడం ఆపింది. నక్కలు లేవు. కాలిన తలుపులు లేవు. నేను ఆపగానే ముందుకు వంగింది.

"తర్వాత? వాడేమన్నాడు?"

"అక్కడ విరిగిపోయింది నానమ్మా."

"ఏమంటాడు, ఇంకో చేప లేదా అంటాడు." మళ్ళీ బీన్స్ అందుకుంది. "ఇదీ తల్లంటే! ఇంతకు ముందు మీరు చదివినావిడ ఊరికే నిలబడి ఏడ్చేది. కొడుకు ఇంటికి రాకపోతే ఏ తల్లయినా ముందు తిడుతుంది, ఏడుపు తర్వాత. నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని."

"మరి ఇన్నేళ్ళూ కళ్ళొత్తుకున్నావుగా?" అన్నాను.

"మీ అత్త రాసిందని ఏడ్చాను. రాసినావిడ నొచ్చుకోదూ?" అత్త వైపు బీన్స్ కాడ విసిరింది. "ఇదీ అంతే. మ్యూజియం మూసి రెండు గంటలయ్యాక వచ్చేది. ఈ గుమ్మంలోనే నిలబడి తిట్టేదాన్ని. కూర చల్లారింది, కుక్కకు పెట్టేశానని. ఎప్పుడూ పెట్టలేదనుకో."

అత్త మొహం చూడాలి. ఇరవై మూడేళ్ళుగా ప్రతి సాయంత్రం గుమ్మంలో విన్న తిట్లు అవి. ఆ భాషే పలక మీద ఉంటే గుర్తుపట్టలేకపోయింది.

"అమ్మా, నీకో డాక్టరేట్ ఇవ్వాల్సింది" అంది.

"నాకెందుకు? ఉల్లిపాయలు తెచ్చివ్వండి చాలు."

ఆ తర్వాతి పది వారాలు ఎలా గడిచాయో నాకే తెలియదు. పెద్ద అధ్యాయం పీకేశాం. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. పడవలో రాశాను, గుమ్మంలో రాశాను, నానమ్మ తలకు హెన్నా పెడుతూ కూడా ఒక చేత్తో రాశాను. రైట్‌మాన్‌కు ఉత్తరం పెట్టాం. 'మీరు చెప్పిన మాట నిజమే. మీరు చెప్పిన కారణం తప్పు. కన్నీళ్ళు కాదు, అది ప్లాస్టరే, నేనే కలిపాను' అని చెప్పించి, సంతకం తనే పెట్టింది. వంకరగా పడింది. ఆగస్టు చివర జవాబొచ్చింది. ఆ వాక్యం రాసినందుకు పద్నాలుగేళ్ళుగా సిగ్గుపడుతున్నానని, అతుకు తప్పని తెలిశాక ఇంత ధైర్యంగా ఒప్పుకున్న మనిషిని తాను చూడలేదని రాశాడు. అత్త రెండుసార్లు చదివించుకుంది. "ఇకమీదట పడవ తప్పిపోతే ఎవర్ని తిట్టుకోవాలి?" అంది దిగులుగా.

ఇంత జరిగినా నేను ఆ ఎనిమిది రోజుల సంగతి చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నప్పుడల్లా మాట మార్చేసేదాన్ని.

పుస్తకం డిసెంబరులో అచ్చయి వచ్చింది. ముందు అనుకున్నదానికంటే సన్నం. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని, అట్ట మీది తన పేరు చూసుకుంది. "కనిపిస్తోంది" అంది. ఆ ఒక్క మాట వినడానికి ఆ వేసవంతా మళ్ళీ పడమన్నా పడతాను. అయితే నేను చెప్పదలచుకున్నది అంతకంటే ముందటి సంగతి, సెప్టెంబరు ఇరవై తొమ్మిదిది.

ఆ పొద్దున రాతప్రతి ప్రెస్సుకు పంపాం. డబ్బాలో మిగిలిన కాఫీ షాకిర్ ఎఫెండి కాచాడు. ఇక ఒక్క పని మిగిలింది, అతుకుల రిజిస్టరు. ఏ ముక్కకు ఏ ముక్క కలిసింది, ఎవరు కనుక్కున్నారు, ఏ రోజున. కొత్త అతుకు ఆరి గట్టిపడ్డాకే అందులో ఎక్కించాలి. తోలు అట్ట పుస్తకం అది. అందులో దాదాపు అన్ని పేజీల్లోనూ అత్త దస్తూరీయే. ఆ రోజు దాన్ని నా ముందుకు తోసింది.

"రాయి. పైముక్క నంబరు. పెంకు నంబరు."

రాశాను.

"కనుక్కున్నది, సుహేలా."

"హోజాగారూ, వేలితో కనిపెట్టింది మీరు..."

"రాయి."

రాశాను. అప్పటిదాకా అందులో నా పేరు ఎక్కడా లేదు.

"తారీఖు" అంది.

షాకిర్ ఎఫెండి తన నోటు పుస్తకం తిప్పాడు. "జూలై పదిహేడు, శనివారం. పన్నెండో సొరుగు. నేనే లెక్కపెట్టాను."

"జూలై తొమ్మిది" అంది అత్త.

కలం నా చేతిలో ఆగిపోయింది.

"పదిహేడండీ" అన్నాడాయన. "నా దగ్గర రాసుంది."

"బయటపడింది పదిహేడున, షాకిర్ ఎఫెండీ. రిజిస్టర్లో రాయాల్సింది దొరికిన రోజు."

ఆయన నా వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. పెన్సిలు చెవిలో పెట్టుకుని, కప్పులు కడగాలని గొణుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"ఎనిమిదో తేదీ దాకా ఆ పేజీ చదివేటప్పుడు, అంచున సగం నత్తగుల్ల ఉందని రాసిన చోట నీ గొంతు కాస్త నిలిచేది. బొమ్మ గీశావు కదా, ముచ్చట. తొమ్మిదో తేదీ సాయంత్రం ఆ చోటు పరుగెత్తి దాటేశావు. ఏదో దొరికిందని అర్థమైంది."

"మరి అడగలేదేం?"

కింద తోటలో ఎవరో ఆకులు ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ప్రతి సాయంత్రం నీచేత అదే పేజీ చదివించాను. ఇవాళ ఆగుతావేమో, చెబుతావేమో అని. చదవడం అయిపోగానే, చెప్పకపోతే బాగుండునని కూడా అనుకునేదాన్ని. ఆ అతుకులో మట్టికి మట్టి తగలదని నా వేళ్ళకు పద్నాలుగేళ్ళుగా తెలుసే, అమ్మాయ్. అడిగే ధైర్యం నాకు లేదు. నువ్వొక్కదానివే దాచావనుకుంటున్నావు. ఇద్దరం కలిసే దాచాం."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ చెయ్యి టేబులు మీద వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"సిరా మీద పడుతుంది. మొహం పక్కకు పెట్టుకో."

"అత్తా, నన్ను..."

"మీ అత్త ఇంటి దగ్గర ఉంది. సాయంత్రం వెళ్ళి చెప్పుకో. ఇక్కడ తారీఖు రాయి."

రాశాను. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది, ఇప్పుడు ఆ టేబులు దగ్గర దీపాన్ని ఎడమ పక్కన పెట్టుకుని కూర్చునేది నేను. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి రోజున ఆ పేజీ తెరిచి చూపిస్తాను. తొమ్మిది అంకె కింద సిరా కొంచెం అలుక్కుంది. అది ఏమిటని అడిగితే చెబుతాను, ఆ రోజున ఒక మనిషి నా తప్పును, నా పేరును నాచేతే ఒకే వరసలో రాయించి పెట్టిందని.